తాబేలు బొమ్మలో తాతయ్య

కంప్యూటర్లో ఫోల్డరు బొమ్మ మార్చడం పెద్ద విద్యేమీ కాదు. మౌస్ కుడి మీట నొక్కి 'ప్రాపర్టీస్'లోకి వెళ్లాలి. అక్కడ 'కస్టమైజ్', అందులో 'ఛేంజ్ ఐకాన్'. నచ్చిన బొమ్మ ఎంచుకుని 'ఓకే' అనాలి. అంతే! అరనిమిషం పని. కాలేజీ కుర్రాళ్లు సరదాకి చేస్తుంటారు. పనిలేని పూట ఆఫీసుల్లోనూ చేస్తుంటారు. చూసినవాళ్లు 'నీకింకేం పనిలేదా?' అని నవ్వుతుంటారు.

శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డుకి దగ్గర్లో ఉండే ఓ అరవయ్యేళ్ల ఆవిడకి మాత్రం అది సరదా వ్యవహారం కాదు. ఆ అరనిమిషం పని జరగడం కోసం ఆవిడ నెలల తరబడి చూసింది.

ఆ ఇంటికి కంప్యూటరు 2005లో వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు కొనిపెట్టాడు. మొదట్లో దాని మీద పెత్తనమంతా ఆవిడ భర్తదే. రెవెన్యూ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. తెర మీద పసుపుపచ్చ ఫోల్డరు కనబడగానే ''ఇదేటి, మన ఆఫీసు ఫైలే కదా!'' అన్నాడట. ఆ తర్వాత ఆయనకి ఎవరూ ఏదీ నేర్పనక్కర్లేకపోయింది. ఫైలు తెరిస్తే కాగితాలుంటాయి, ఫైళ్లన్నీ బీరువాలో ఉంటాయి. ముప్ఫయ్యేళ్లు చేసిన పనే!

ఆయన అన్నమాటలో నిజముంది. ఆ బొమ్మ పుట్టింది ఆఫీసు బల్ల మీదే. 1981లో జిరాక్స్ కంపెనీ 'స్టార్' అనే కంప్యూటరు తెచ్చింది. గుమాస్తాలకీ అధికారులకీ బెదురు లేకుండా ఉండాలని వాళ్ల బల్ల మీద ఉండే వస్తువుల్నే తెర మీద బొమ్మలుగా పెట్టారు. కాగితం, ఫోల్డరు, ఫైళ్ల సొరుగు, వచ్చిన ఉత్తరాలు వేసే బుట్ట... 'డెస్క్‌టాప్' అన్న పేరు అలా నిలిచింది. ఇక ఆ పసుపు రంగంటారా, అది అమెరికా ఆఫీసుల్లో వాడే మనీలా ఫోల్డర్ల రంగు. ఫిలిప్పీన్స్‌లో పండే అబాకా అనే అరటిజాతి మొక్క నారతో ఒకప్పుడు ఆ దళసరి కాగితం చేసేవారు. మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో గోగునార తీసినట్టే వాళ్లక్కడ ఆ నార తీస్తారు. అంటే విండోస్ తెర మీది ఆ చిన్న పసుపు చదరంలో ఎక్కడో ఓ నార వాసన ఉందన్నమాట!

మరి ఆఫీసు మొహం చూడనివాళ్ల సంగతో? దాన్ని ఎవరూ అంతగా ఆలోచించినట్టు లేదు. ప్రపంచంలో అందరి ఇళ్లలోనూ ఒకే రకం బల్ల ఉంటుందనుకున్నారు కాబోలు. ఆవిడ పుట్టింట్లో కాగితాలంటే ట్రంకుపెట్టె అడుగున గుడ్డలో కట్టిన మూట. కరణంగారి దస్త్రమైనా అంతేగా? 1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా ఊరి లెక్కలన్నీ గుడ్డలో చుట్టి ముడేసిన కట్టలే. పసుపు అట్ట మధ్యకి మడిచి చెవి బయటపెట్టిన ఫైలుని ఆవిడ జీవితంలో చేత్తో ముట్టుకోలేదు.

ముట్టుకోవాల్సిన అవసరం 2007లో వచ్చింది. ఆ ఏడాది ఆయన పోయారు.

కర్మకాండలకి వచ్చిన కొడుకు ఇంట్లో ఉన్న నాలుగు ఆల్బములూ పట్టుకెళ్లి ఏడురోడ్ల కూడలి దగ్గర ఓ స్టూడియోలో స్కాన్ చేయించాడు. తడికి అట్టలు అంటుకుపోతున్నాయి, కొన్నాళ్లాగితే ఏ ఫొటో ఎవరిదో కూడా తెలియదు. మంచిపనే చేశాడు. వాటినన్నిటినీ కంప్యూటర్లో ఎక్కించి ఫోల్డర్లుగా విడగొట్టి, ప్రతిదానికీ చక్కగా ఇంగ్లీషులో పేరు పెట్టి, తల్లికి రెండ్రోజులు నేర్పించి హైదరాబాదు వెళ్లిపోయాడు.

ఆవిడ అయిదో తరగతి చదివింది. పేపరు మొదటి పేజీ హెడ్డింగు నించి చివరి పేజీ అడుగున ఉండే ముద్రాపకుడి పేరు దాకా వదలకుండా చదువుతుంది. అదంతా తెలుగు. ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాదు. అయినా మీట నొక్కడం, 'గంట మోగేదాకా' ఆగడం, మౌస్‌ని రెండుసార్లు టకటకా నొక్కడం నేర్చుకుంది. ఫోల్డరు పేరు చదవలేకపోతేనేం? లెక్క పెట్టుకుంది. పైనించి రెండో వరస, ఎడమనించి మూడోది. అందులో ఆయనుంటారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, వీధి సద్దుమణిగాక, ఓ పావుగంట. ఆయన పెళ్లినాటి ఫొటో, పిల్లదాన్ని భుజాన వేసుకున్న ఫొటో, ఆఫీసు వాళ్లతో గ్రూపు ఫొటో. ఇంకేం చేసేది కాదు. చూసి కట్టేసేది.

సంక్రాంతికొచ్చిన కొడుకు తన ఫైళ్లేవో నాలుగు ఫోల్డర్లలో వేసి వెళ్లాడు. పేర్లు అక్షరక్రమంలో సర్దుకునే ఏర్పాటు కదా, వరసలు మారిపోయాయి. మర్నాడు ఆవిడ రెండో వరసలో మూడోది తెరిస్తే అందులో అంకెలు, గళ్లు, ఇంగ్లీషు! పక్కది తెరిచింది. కాదు. ఏదైనా నొక్కితే చెరిగిపోతుందేమోనన్న భయం ఒకటి. కట్టేసింది.

పక్కింటి కుర్రాడు డిగ్రీ చదువుతున్నాడు. మంచివాడు. పిలిస్తే వచ్చి చూపిస్తాడు. ఒకసారి పిలిచింది, రెండుసార్లు పిలిచింది. ''మా ఆయన ఫొటో చూపించు బాబూ'' అని పరాయి పిల్లాణ్ని రోజూ ఎలా అడుగుతుంది? పైగా చూసినంతసేపూ వాడు పక్కనే నిలబడి ఉంటాడాయె! మూడోసారి నించి పిలవడం మానేసింది. కంప్యూటరు మీద ముసుగు పడింది. ఆ ముసుగు కూడా ఆవిడ కుట్టిందే, పాత చీరతో.

'అంత అవస్థ ఎందుకు, ఫోల్డర్లకి తెలుగులో పేర్లు పెడితే సరిపోయేది కదా' అని ఇప్పుడు ఎవరికైనా అనిపిస్తుంది. అప్పట్లో అదంత తేలిక కాదు. ప్రపంచ భాషలన్నిటికీ ఉమ్మడి లిపి పట్టిక అయిన యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో 'గౌతమి' అనే తెలుగు ఫాంటూ వచ్చింది. కానీ తెలుగు సరిగ్గా కనబడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి వెళ్లి భాషల పేజీలో ఓ గడిలో టిక్కు పెట్టాలి. టిక్కు పెట్టగానే అది ఎక్స్‌పీ సీడీ అడుగుతుంది. ఆ సీడీ ఉన్న ఇళ్లెన్ని? సీడీ లేనిచోట తెలుగు అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వరసగా కనిపించేవి.

డీటీపీ సెంటర్ల వాళ్ల దగ్గర తెలుగు లేదా అంటే దివ్యంగా ఉండేది. పెళ్లి శుభలేఖల మీద అను ఫాంట్ల అందం చూసి మురిసిపోని వాళ్లు లేరు. కానీ ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు ముక్కలు దాచిపెట్టుకునే రకం. కాగితం మీద తెలుగే. అదే మాటని ఫోల్డరు పేరుగా పెట్టారో, బ్రాకెట్లూ కామాలూ కలిసిన వింత ఇంగ్లీషుగా తేలేది. అందుకే వందల తెలుగు శుభలేఖలు కొట్టే షాపులో కూడా ఒక్క ఫోల్డరు పేరూ తెలుగులో ఉండేది కాదు. తెలుగు వాడుకునేవాళ్లు, తెలుగుకి కావలసిన దుకాణం, అందులో తెలుగుకి పేరు లేదు!

ఆవిడకి ఈ గొడవలేవీ తెలియవు. ఫోన్లో కొడుకుని ఒక్కటే అడిగింది. ''ఒరే బాబూ, పేరెలాగూ చదవలేను. దానికో గుర్తు పెట్టరా. చాకలి బట్టలకి పెట్టినట్టు.''

చాకలి గుర్తు ఈ తరం వాళ్లకి తెలియకపోవచ్చు. ఊళ్లో పాతికిళ్ల బట్టలు ఒకే రేవులో ఉతుకుతారు. ఎవరి పంచె ఎవరిదో ఎలా తెలియాలి? నల్లజీడి గింజకి సూది గుచ్చి, ఆ రసంతో అంచు లోపల ఒక గుర్తు వేసేవారు. ఒకింటికి రెండు చుక్కలు, ఇంకో ఇంటికి అడ్డగీత, మరో ఇంటికి కొడవలి వంపు. ఎన్నిసార్లు బండకేసి బాదినా ఆ నలుపు పోదు. నల్లజీడి మన పలాస జీడిమామిడికి దగ్గర చుట్టమే. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లకి అంటే నల్లమరక చూస్తే ఆ బంధుత్వం తెలుస్తుంది. చదువుతో సంబంధం లేకుండా, పేరు రాయకుండా, ఏ బట్ట ఏ గుమ్మానికో అక్షరాలా చేర్చిన విద్య అది. స్టీలు గిన్నెల మీద పేరు చెక్కించుకోవడం తర్వాత వచ్చింది. అంతకు ముందు ఇత్తడి బిందె అడుగున ఓ గాటు చాలు.

ఆ మాటకొస్తే మనదేశంలో ఓట్లు పుట్టిందే గుర్తుల మీద. 1951-52 నాటి మొదటి సాధారణ ఎన్నికల్లో అభ్యర్థికో పెట్టె చొప్పున పెట్టి, పెట్టె మీద గుర్తు అతికించారు. చదువురాని కోట్లమంది ఆ బొమ్మ చూసి చీటీ వేసి వచ్చారు. ఊరూపేరూ చదవలేనివాళ్లు దేశాన్ని నడిపే మనిషిని ఎంచుకోగలిగారు. అలాంటి దేశంలో ఓ ముసలావిడ తన ఇంట్లో తన భర్త ఫొటోని ఎంచుకోలేకపోవడం ఏం సబబు?

కొడుకు 'ఈసారి వచ్చినప్పుడు చూస్తానమ్మా' అన్నాడు. ఆ పై పండక్కీ అదేమాట. చివరికి ఆ పని చేసింది కూతురి కూతురు. విజయనగరంలో ఎనిమిదో తరగతి పరీక్షలు రాసి 2008 వేసవి సెలవులకి అమ్మమ్మ దగ్గరికొచ్చింది.

''ఓస్, ఇంతేనా!'' అంటూ 'ఛేంజ్ ఐకాన్' తెరిచింది మనవరాలు. విండోస్ తన సొంత బొమ్మలు వరసగా పరిచింది. తాళంకప్ప, తాళాలు, భూగోళం, ప్రింటరు, సీడీ, నక్షత్రం, ఓ పచ్చటి చెట్టు. ఆవిడ కళ్లజోడు సవరించుకుని ఒక్కొక్కటే చూసింది. ప్రింటరేమిటో తెలియదు. భూగోళం ఎవరికని పెట్టాలి? చెట్టు దగ్గర మాత్రం వేలు ఆగింది.

''ఇది మా ఊరికి పెడదామా?'' అంది. ఆవిడ పుట్టిల్లు ఉద్దానం, కవిటి వైపు. మళ్లీ తనే, ''కాదులే. ఇదేం చెట్టు? కొమ్మలున్నాయి. మాది కొబ్బరి'' అంది.

అక్కడ మొదలైంది అసలు పని.

పెయింట్ ప్రోగ్రాములో అడ్డం 32, నిలువు 32 గళ్ల కాగితం తీసింది మనవరాలు. పెద్దది చేసి గళ్లు కనబడేలా పెట్టింది. ఒక్కో గడిలో రంగు నింపుకుంటూ పోవాలి. మౌస్ పట్టుకుని ఆ పిల్ల గీస్తే కొబ్బరిచెట్టు చీపురుకట్టలా వచ్చింది. ఆవిడ చూసీ చూసీ లోపలికెళ్లి లెక్కల గళ్లపుస్తకం, పెన్సిలు తెచ్చుకుని కింద చతికిలబడింది.

''ఎన్ని గళ్లన్నావు?''

''ముప్ఫైరెండు అమ్మమ్మా. అటూ ఇటూ.''

''సరిచుక్కల ముగ్గన్నమాట. మధ్యన గడి దొరకదు. రెండు గళ్లు కలిపి మాను వెయ్యాలి.''

ధనుర్మాసం నెలపొడుగునా వాకిట్లో చుక్కలు పెట్టిన చెయ్యి అది. ఎదురు చుక్కలు, సందు చుక్కలు, పదిహేనుతో మొదలై ఒకటికి దిగడం... ఏ గీత ఎక్కడ తిప్పితే తామర అవుతుందో, ఎక్కడ ఆపితే హంస అవుతుందో వేళ్లకి తెలుసు. ముగ్గులో గీత నడుస్తుంది, ఇక్కడ గడి నిండుతుంది. ఆ తేడా పట్టుకోవడానికి ఆవిడకి ఒక పూట పట్టింది. రెండో పూటకి ''ఇది ముగ్గు కాదే గుంటా, వైరుబుట్ట అల్లిక'' అని తేల్చేసింది. నిజమే. ప్లాస్టిక్ వైరుబుట్టల మీద నెమలి తేల్చినవాళ్లకి గళ్లలో బొమ్మ కొత్త కాదు.

తమాషా ఏమిటంటే, కంప్యూటరు బొమ్మలకి ఆద్యుల్లో ఒకరైన సూసన్ కేర్ కూడా సరిగ్గా ఇలాగే మొదలెట్టింది. ఆమెకి కంప్యూటర్ల చదువు లేదు, శిల్పాలు చేసుకునే మనిషి. 1984లో విడుదలైన యాపిల్ మేకింతోష్ కోసం బొమ్మలు గీయమంటే, దుకాణానికెళ్లి గళ్లపుస్తకం కొనుక్కుని, ఒక్కో గడీ పెన్సిలుతో నింపింది. అవీ 32 గళ్లే. అడ్డంగా నిలువుగా లెక్కేస్తే 1,024. ఈ పని మొజాయిక్‌ లాంటిది, గుడ్డ మీద సూదికుట్టు లాంటిది అని ఆవిడే తర్వాత చెప్పుకుంది. కాలిఫోర్నియాలో ఆమె పుస్తకానికీ, శ్రీకాకుళంలో ఈవిడ పుస్తకానికీ పాతికేళ్లు తేడా. గళ్లకి తేడా లేదు.

అయితే మన మనవరాలికి అసలైన ఐకాన్లు తయారుచేసే సాఫ్ట్‌వేరు లేదు. పెయింట్‌లో గీసి బిట్‌మ్యాప్‌గా దాచి, పేరు చివర 'బీఎంపీ' తీసేసి 'ఐసీఓ' అని పెట్టేది. ఎక్స్‌పీ దాన్నే ఐకాన్ అనుకుని పుచ్చేసుకునేది. బొమ్మ వెనక తెల్లగడి మాత్రం పోయేది కాదు. ''తెల్లగుడ్డ మీద కుట్టినట్టుంది, ఉండనీ'' అంది ఆవిడ.

ఆ సెలవుల్లో అయిదు బొమ్మలు తయారయ్యాయి.

అన్నిటికంటే తేలిగ్గా వచ్చింది సిరిమాను. కూతురు పంపిన విజయనగరం పైడితల్లమ్మ పండగ ఫొటోల కోసం. విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం నాడు అంత పొడుగు మాను చివర పూజారి కూర్చుని ఊరేగే ఆ దృశ్యాన్ని 32 గళ్లలో ఇమడ్చాలంటే ఏం చెయ్యాలి? ఒక ఏటవాలు గీత, చివర ఎర్ర చుక్క. అంతే! ఉత్తరాంధ్రలో పుట్టిన ఎవరికి చూపించినా ఇట్టే చెప్పేస్తారు. దేవుడి ఫొటోలన్నిటికీ సూర్యుడు. పక్కనే అరసవల్లి ఉండగా ఇంకొకరెందుకు? కిరణాలు ఎనిమిది వేద్దామంటే గళ్లు సహకరించక నాలుగు మెట్లుమెట్లుగా వచ్చాయి.

వీణ దగ్గర ఇద్దరూ ఓడిపోయారు. మనవరాలు విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంటోంది. 1919లో పెట్టిన కాలేజీ, ద్వారం వెంకటస్వామినాయుడుగారు పనిచేసిన చోటు. ఆ పిల్లకి బొబ్బిలి వీణంటే గర్వం. పనస దుంగ ఒక్కటే తొలిచి చేసే ఏకాండి వీణ మరి. కానీ 32 గళ్లలో కుండ, దండి, యాళిముఖం ఎక్కడ పడతాయి? ఎన్నిసార్లు గీసినా పప్పుగరిటే తయారైంది. చివరికి ఆ ఫోల్డరు పేరే ఇంట్లో 'గరిటె' అయిపోయింది. ''గరిటెలో చూడు, నీ వీణ ఫొటోలుంటాయి'' అనేవారు.

కొబ్బరిచెట్టుకి మూడు రోజులు పట్టింది. ఆవిడ ఒప్పుకోదే! మాను నిటారుగా ఉండకూడదు. ''సముద్రంగాలికి మా చెట్లు కొంచెం వంగుతాయి. తిన్నగుంటే తాటిచెట్టనుకుంటారు.'' మట్టలు కుడివైపు పొడుగ్గా ఎడమవైపు పొట్టిగా. గెల కోసం మట్టల కింద నాలుగు గళ్లు పసుపు. ఇంత వివరం వేలిగోరంత బొమ్మలో ఎవరు చూస్తారని పిల్ల విసుక్కుంటే ''నేను చూస్తాను'' అంది.

ఇక మిగిలింది అసలు ఫోల్డరు. తాతయ్యది.

''ఏం బొమ్మ వేద్దాం?'' అనడిగితే ఆలోచించకుండా ''తాబేలు'' అంది.

ఆయనది శ్రీకూర్మం పక్క ఊరు. కూర్మనాథుడి గుడి, ఆవరణలో తిరిగే తాబేళ్లు ఆయన చిన్నప్పటి సంగతులు. కానీ ఆవిడ చెప్పిన కారణం అది కాదు. ''మీ తాత ఎక్కడికైనా బయల్దేరాలంటే గంట. చొక్కా గుండీలకే పది నిమిషాలు. నేను తాళంకప్ప పట్టుకుని గుమ్మంలో నిలబడీదాన్ని. తాబేలు కాకపోతే ఏటి?''

ఫోన్లో ఈ సంగతి విని కూతురు చిన్నబుచ్చుకుంది. పోయిన మనిషికి తాబేలు బొమ్మేమిటి, నలుగురూ నవ్వరూ, దీపమో ఓంకారమో పెట్టమంది. కూతురి బాధా కాదనలేనిది. తండ్రి పోయి ఏడాది కాలేదు. ఇద్దరి మధ్యా ఆ పిల్ల రిసీవరు అటూ ఇటూ అందించింది. ఆవిడ మాత్రం మెత్తగానే చెప్పింది. ''దీపం గోడ మీద ఫొటోకి పెడుతున్నాను కదే. రోజూ పెడుతున్నాను. ఇది దణ్ణం పెట్టుకోడానికి కాదు. చూసుకోడానికి.''

తాబేలు వచ్చింది. ఆకుపచ్చ చిప్ప, దాని మీద చిన్న గళ్లముగ్గు, ముందుకి సాగిన తల. తెర తెరవగానే ఎక్కడున్నా కనిపిస్తుంది. వరసలు మారనీ, కొడుకు వంద ఫోల్డర్లు వేయనీ, లెక్కపెట్టే పనే లేదు. సెలవులైపోయి మనవరాలు విజయనగరం బస్సెక్కిన మధ్యాహ్నం, కంప్యూటరు మీది చీరముసుగు ఆవిడే తీసింది.

2010లో ఓ చిక్కొచ్చి పడింది. కంప్యూటరుకి వైరస్ పట్టింది. బాగుచేసే కుర్రాడొచ్చి 'సి' డ్రైవు మొత్తం తుడిచి మళ్లీ విండోస్ ఎక్కించి వెళ్లాడు. 'డి'లో ఉన్న ఫొటోలు భద్రంగానే ఉన్నాయి. కానీ తాబేలు లేదు, సిరిమాను లేదు, గరిటె లేదు. అన్నీ మళ్లీ పసుపు ఫైళ్లే! ఎస్టీడీ కాల్ చేసి ''నా తాబేలు చచ్చిపోయిందే'' అని ఆవిడ అంటే అవతల మనవరాలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

చచ్చిపోవడానికి కారణం తెలుసుకుంటే ఎవరికైనా పనికొస్తుంది. మనం బొమ్మ మార్చినప్పుడు ఆ బొమ్మ ఫోల్డరుకి అతుక్కుపోదు. ఫోల్డరు లోపల 'డెస్క్‌టాప్ డాట్ ఐఎన్ఐ' అని కంటికి కనబడకుండా దాగే ఓ చిన్న చీటీ తయారవుతుంది. 'నా బొమ్మ ఫలానా చోట ఉంది' అని అందులో చిరునామా మాత్రం ఉంటుంది. మనవరాలు బొమ్మలన్నీ 'మై పిక్చర్స్'లో దాచింది. అది 'సి' డ్రైవులో ఉంది. ఆ ఇల్లే కూల్చేశాక చిరునామా ఉండి ఏం లాభం? చీటీ చదివి వెతుక్కుని, బొమ్మ దొరక్క, విండోస్ తన పాత పసుపు మొహమే పెట్టేసుకుంది.

బొమ్మలు పోయినా గళ్లపుస్తకం దేవుడిగదిలో ఉంది. పదో తరగతి పరీక్షలైన ఆ పిల్ల వచ్చి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఒక్క మధ్యాహ్నంలో అయిదూ మళ్లీ నింపేసింది. ఈసారి ఏ బొమ్మని ఆ ఫోల్డరు లోపలే పెట్టింది. ఇల్లెక్కడికి కదిలితే బొమ్మా అక్కడికే. చీటీలో కూడా డ్రైవు పేరూ దారీ తీసేసి ఒక్క బొమ్మ పేరే రాసింది. ఈ మాత్రం జాగ్రత్త తెలియకే చాలామంది పెట్టుకున్న బొమ్మలు కంప్యూటరు మారగానే మాయమైపోతుంటాయి. వీణ కూడా మళ్లీ గరిటెలాగే వచ్చింది. దాన్ని బాగుచెయ్యాలని ఎవరూ అనుకోలేదు.

2012లో కొత్త కంప్యూటరొచ్చింది. విండోస్ 7. అందులో తెలుగు ఏ సీడీ అడక్కుండా కనిపిస్తుంది. కొడుకు ఓ పూట కూర్చుని ఫోల్డర్లన్నిటికీ తెలుగులో పేర్లు పెట్టాడు. నాన్న, అమ్మ పుట్టిల్లు, సిరిమానోత్సవం... ''ఇంక ఆ బొమ్మలు తీసేద్దామా అమ్మా, చిన్నవైపోయి బాగోలేవు'' అన్నాడు. వాడన్నదీ నిజమే. కొత్త విండోస్‌లో బొమ్మకి 256 గళ్ల చోటు ఉంటుంది. మన 32 గళ్ల తాబేలు అందులో పెద్ద కంచం మధ్య ఉసిరికాయలా ఉంది. ఆవిడ పేర్లన్నీ పైకి చదివింది. సంతోషించింది. ఒకచోట దీర్ఘం తప్పు పడితే దిద్దించింది. బొమ్మలు మాత్రం ముట్టుకోనివ్వలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస వేళ్లతో సహా లేచిపోయాయి. ఆవిడ పుట్టింటి తోట తెల్లారేసరికి నేలమట్టం. కొబ్బరంటే ఏడాదికో రెండేళ్లకో తిరిగొచ్చే పంట కాదు. మొక్క నాటితే కాపుకి అయిదేళ్లో ఏడేళ్లో చూడాలి. నెల పోయాక ఆవిడ తమ్ముడు శ్రీకాకుళం వచ్చాడు. నష్టం కాగితాల పని మీద వచ్చాడు. రెండు పూటలు తిన్నాడే గానీ మాట్లాడలేదు.

మూడో పూట ఆవిడే కంప్యూటరు పెట్టి, కుర్చీ లాగి, వంగిన కొబ్బరిచెట్టు బొమ్మ మీద రెండుసార్లు నొక్కింది. తోట! తొంభైల్లో తీసినవి, పెళ్లిళ్లకి తీసినవి, ఎవరో కుర్రాడు చెట్టెక్కుతుండగా తీసినవి. తమ్ముడు ముందుకి జరిగాడు. వేలు పెట్టి లెక్కపెట్టసాగాడు. ''ఇది నాన్న వేసింది. ఇది గెల బరువుకి ఒరిగితే పోటు పెట్టాం చూడప్పా, అదే. ఇది బావి పక్కది.'' లెక్క నలభై దాటాక ఆపాడు.

వెళ్లేముందు ఆ ఫొటోలన్నీ తన ఫోన్లో వేయించుకున్నాడు. ఊరు చేరాక ఫోన్ చేశాడు.

''ఫొటోలన్నీ వచ్చినాయి గానీ అప్పా, ఆ చెట్టు బొమ్మ రాలేదేటి?''

రాదు. ఫోన్‌కి విండోస్ చీటీ చదవడం రాదు. అక్కడ ఫోల్డర్లన్నిటికీ ఫోన్ పెట్టిందే మొహం. అప్పటికి విశాఖపట్నంలో ఉద్యోగంలో చేరిన మనవరాలికి ఆవిడ కబురు పెడితే, ఆ పిల్ల 32 గళ్ల బొమ్మని మామూలు ఫొటోగా మార్చి వాట్సాప్‌లో చిన్న తాతకి పంపింది. ఆయన దాన్ని వేళ్లతో సాగదీశాడు. సాగదీసిన కొద్దీ మట్టలు మెట్లుమెట్లుగా విడిపోయాయి.

''గళ్లు గళ్లుగా కనిపిస్తందేటప్పా?'' అన్నాడు.

''అలాగే ఉంటాది. కొంచెం దూరంగా పెట్టి చూడు'' అంది ఆవిడ.